కర్ర పక్కన పెట్టమనని ఆత్మరక్షణ క్లాసు

మూడేళ్ళ కిందట ఒకచోట ఆత్మరక్షణ నేర్పుతున్నారంటే వెళ్ళాను. గుమ్మంలోనే నా కాలూ కర్రా చూసి, "మీరు కుర్చీలో కూచుని చూడండి మేడమ్, చూస్తేనే సగం వచ్చేస్తుంది" అన్నారు. గంటన్నర కూచుని చూశాను. మిగతా సగం ఎప్పుడొస్తుందని అడగలేదు, మళ్ళీ వెళ్ళనూ లేదు.

ఇప్పుడు రాస్తున్నది ఇంకో క్లాసు గురించి. ఎనిమిది ఆదివారాలు, పూటకి రెండు గంటలు. చేరినవాళ్ళం పద్నాలుగు మందిమి, చివరిదాకా నిలిచింది పదకొండు మంది. "ఎవరైనా రావచ్చు, ఎలా ఉన్నా రావచ్చు" అని కాగితం మీద అచ్చేశారు. ఇలాంటి మాటలు చాలా కాగితాల మీద చదివినదాన్ని గనక ముందే ఫోన్ చేసి అడిగాను. ఎడమ కాలికి పోలియో, తొడ దాకా క్యాలిపర్ (కాలికి ఊతగా తొడిగే చట్రం), కుడిచేతికి మోచేతి కర్ర, వయసు 47, నాతో ఏం చేయిస్తారు? అవతల టీచరమ్మ కాసేపు ఆగి, "తెలీదక్కా. మీరొస్తే కలిసి చూద్దాం. కర్ర మాత్రం ఇంట్లో వదిలేసి రాకండి" అంది. ఆ "తెలీదు" విని చేరాను.

నా ఉద్యోగం లెక్కలు రాయడం. ఈ కోర్సుకి కూడా జమ, ఖర్చు రెండు వైపులా రాస్తాను. మార్కులు ముందే చెప్పేస్తున్నా: అయిదుకి నాలుగు. ఆ పోయిన ఒకటీ ఎక్కడ పోయిందో కింద ఉంటుంది.

మొదటి రోజు గుద్దడం లేదు, తన్నడం లేదు. రెండు గంటలూ నోరూ, దూరమూ. టీచర్ గది ఆ చివర నుంచి ఒక్కొక్కరి వైపు నడిచి వస్తుంది. మనకి ఎక్కడ గుండె ఝల్లుమంటే అక్కడ చెయ్యెత్తి "ఆగు" అనాలి. ఇంతే. ఇది కూడా ఒక పాఠమేనా అనుకున్నాను. సగం మందికి ఆ రెండక్షరాలు నోట్లోంచి రాలేదు. ఒక పెద్దాయన "కొంచెం ఆగుతారామ్మా" అన్నాడు. ఒకమ్మాయి "సారీ" అంది, ఎందుకో తనకే తెలీదు. నేనైతే నవ్వుతూ నిలబడ్డాను. ఆవిడ వచ్చి వచ్చి ఊపిరి తగిలేంత దగ్గర ఆగి, "అక్కా, మీరు నవ్వుతుంటే అవతలివాడు రమ్మన్నారనే అనుకుంటాడు" అంది. నలభై ఏళ్ళుగా ఎవరైనా మీదమీదకి వస్తే నవ్వడం నాకు అలవాటు. కాలు బాగాలేనివాళ్ళం మర్యాదగా ఉండకపోతే సాయం చెయ్యరని చిన్నప్పుడే ఎవరు నేర్పారో మరి.

దూరం సంగతి అంకెల్లో చెప్పింది, నాకు నచ్చేలా. డెన్నిస్ ట్యూలర్ అని అమెరికాలో ఒక పోలీసు సార్జెంట్ 1983లో లెక్కగట్టి రాశాడట: మామూలు ఆరోగ్యవంతుడు 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకన్లలో మీదికి వచ్చేస్తాడని. నేల మీద ఆ 21 అడుగులూ టేపు అంటించింది. చూడ్డానికి చాలా దూరంలాగే ఉంది. తర్వాత స్టాప్‌వాచ్ తీసి నన్ను కుర్చీలోంచి లేవమంది. కర్ర అందుకుని, కాలు ముందుకు చాపి, మోకాలు వంగకుండా పట్టే క్యాలిపర్ లాక్ టక్కుమని పడేదాకా నిలబడటానికి ఏడు సెకన్లు పట్టింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. టీచర్ మాత్రం మామూలుగా, "సరే, ఇంకో అయిదున్నర సెకన్లు ఎక్కడి నుంచి తెచ్చుకుందాం?" అంది.

అవి ఎక్కడి నుంచి వస్తాయో తర్వాతి రెండు వారాలూ చూశాం. గోడకి దగ్గరగా, తలుపు కనపడేలా కూచోవడం నుంచి. అనుమానం వచ్చిన వెంటనే లాక్ వేసుకుని నిలబడిపోవడం నుంచి, తీరా ఏమీ కాకపోతే మళ్ళీ కూచోవచ్చు. మాట ముందుగా అనేయడం నుంచి. కళ్ళకి ఫోన్ అడ్డం పెట్టుకోకపోవడం నుంచి. వీటిలో వీరత్వం ఏమీ లేదు, అన్నీ పొదుపు లెక్కలే.

"ఆగు, దగ్గరికి రావద్దు" అని గట్టిగా, పొట్టిగా అనమంటారు. తిట్టు ఒక్కటి కూడా కలపనివ్వలేదు. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడికి ఇది అస్సలు మింగుడు పడలేదు. కారణమేమిటో, చట్టం సంగతులు చెప్పడానికి వచ్చిన అడ్వకేటు గారు వివరించారు. గొడవ జరిగినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు మొదట ఏం జరిగిందో చూడరు. అరుపు వినపడ్డాకే తల తిప్పుతారు. రేపు వాళ్ళు సాక్ష్యం చెప్పేది ఆ విన్నదే. "రావద్దు, వదులు" అని విన్నవాళ్ళు ఒకలా చెప్తారు, బూతులు విన్నవాళ్ళు "ఇద్దరూ కొట్టుకున్నారండి" అంటారు. ఇంకోటి, జనం మధ్యలో "ఎవరైనా సాయం చెయ్యండి" అంటే ఎవరూ కదలరు. ఎక్కువ మంది ఉన్న కొద్దీ ఎవరికి వారు పక్కవాడు చూసుకుంటాడనుకుంటారని డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లోనే ప్రయోగం చేసి చూపించారు. అందుకని ఒక మనిషిని ఎంచుకుని, "నీలం చొక్కా అన్నా, మీరే, పోలీసులకి ఫోన్ చెయ్యండి" అనాలి. మా బ్యాచ్‌లో మాటలు రాని, వినపడని అమ్మాయి ఒకతి ఉంది. నోటితో చెప్పే ఈ పాఠం తనకెలా అని నేను లోపల బాధపడుతుంటే, ఆ పిల్ల గొంతులోంచి ఒక కేక పెట్టింది. మాట కాదు, ఒట్టి కేక. మా అందరి "ఆగు"లూ కలిపినా దాని ముందు తీసికట్టే. తర్వాత వేలు చాచి నీలం చొక్కా వైపు చూపించి, అరచేతిని చెవి దగ్గర పెట్టి ఫోన్ అన్నట్టు సైగ చేసింది.

ఇక కర్ర. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇలాంటి వివరం కోసం నేను వెతికినప్పుడు నాకెక్కడా దొరకలేదు.

కర్ర వాడని వాళ్ళంతా అనేది ఒకటే మాట: "మీ చేతిలో ఆయుధం ఉందిగా, ఇంక భయమేంటి!" కర్ర నా మూడో కాలు. దాన్ని ఎత్తి కొట్టానంటే ఆ క్షణం నేను ఒంటికాలి మీద ఉన్నట్టు. ఎడమ కాలు బలహీనం గనక కర్ర కుడిచేత్తో పడతాను, అంటే బలమున్న చెయ్యి ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. టీచర్ ఇది విని, వెంటనే ఒక కర్ర తెప్పించుకుని, తన ఎడమ మోకాలికి రెండు స్కేళ్ళు కట్టుకుని వంగకుండా చేసి, గది చుట్టూ నడిచింది. రెండుసార్లు పడింది. ఆ తర్వాతే నాకు చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ కనిపెట్టింది ఇదీ. ముందు గోడో స్తంభమో చూసుకుని వీపూ నడుమూ దానికి ఆనించాలి. ఇప్పుడు మంచి కాలు ఒకటి, లాక్ వేసిన క్యాలిపర్ ఒకటి, గోడ ఒకటి. మూడు కాళ్ళూ సరిపోయాయి, కర్రకి సెలవు దొరికింది. అప్పుడు దాని పిడి కుడిచేత్తోనే ఉంచి, నడుమ ఎడమచేత్తో పట్టి, ఛాతీ ఎత్తున అడ్డంగా చాపాలి. కొట్టడానికి కాదు. అవతలి మనిషి నా చెయ్యి అందే దూరంలోకి రాకుండా కంచె. వచ్చి మీద పడితే రెండు చేతులతో తోయాలి, పొడవకూడదు. తోసేటప్పుడు బలం భుజాల్లోంచి కాదు, వెనక గోడలోంచి వస్తుంది. మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు అసిస్టెంటు కుర్రాడు రెండడుగులు వెనక్కి పోయాడు. నాకు నవ్వొచ్చింది, ఇది వేరే నవ్వు.

అసలు ప్రమాదం వాడు కర్ర పట్టుకుంటే. మోచేతి కర్రకి పైన చేతిని కరిచి పట్టుకునే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, వాడు కర్ర లాగితే కర్రతో పాటు నేనూ వెళ్తాను. సహజంగా మనం గట్టిగా పట్టుకుని వెనక్కి లాగుతాం, ఎందుకంటే అది పోతే నడవలేం. ఇరవైసార్లు చేయించింది: వాడు లాగిన వెంటనే వేళ్ళు విప్పెయ్యాలి, పట్టీ తెరుచుకుని ఉన్న వైపుకి మోచెయ్యి తిప్పి చెయ్యి బయటికి తీసెయ్యాలి. లాగుతున్నవాడికి ఒక్కసారి బరువు తేలిపోయి తూలతాడు. "కర్ర పోతే పోనీ అక్కా, చెయ్యి మీది" అనేది. పదిహేనోసారి దాకా నా వేళ్ళు విప్పుకోలేదు. బుర్ర విప్పమంటుంది, వేళ్ళు వినవు. ఇంట్లో మంచం అంచున కూచుని పడుకునే ముందు పదేసిసార్లు చేశాను, ఇప్పుడు కొంచెం నయం.

పడటం నేర్పించేటప్పుడు మాత్రం ఆవిడకి దారి దొరకలేదు. గడ్డం ఛాతీకి ఆనించడం, చెయ్యి చాపి నేలని ఆపబోకుండా ముంజేతితో చరచడం, ఇవి జూడోలో అందరికీ నేర్పే సంగతులే, ఆవిడ జూడో ఆడిన మనిషి. కానీ లాక్ పడిన క్యాలిపర్‌తో మనిషి మడత పడడు, మొద్దులాగా పడతాడు. "నాకు తెలీదు, తెలుసుకుని చెప్తా" అని ఆ వారం ఆపేసి, తర్వాతి ఆదివారం ఒక ఫిజియోథెరపిస్టుని తీసుకొచ్చింది. మంచి కాలి వైపుకే ఒరిగి, పిరుదు, నడుము పక్క, భుజం, ఇలా వరసగా నేలకి అప్పజెప్పాలని ఇద్దరూ కలిసి తేల్చారు. దళసరి మ్యాట్ మీద చేసినా మూడు రోజులు తొడ కమిలి ఉంది. ఇది చెప్పకపోతే తప్పు.

తిట్టొద్దంటే మింగుడు పడని మా బ్యాచ్ కుర్రాడే మొదటివారం, "కర్ర చివర చిన్న మేకు పెట్టించుకోండి ఆంటీ, అయిపోతుంది" అని సలహా ఇచ్చాడు. అందరూ నవ్వారు. అడ్వకేటు గారు వచ్చినరోజు వాడే మళ్ళీ అడిగాడు. ఆయన నవ్వలేదు. బ్రిటన్‌లో 1953లో చేసిన చట్టం ఒకటి ఆయుధమంటే ఏమిటో మూడు రకాలుగా చెబుతుందట: గాయం చెయ్యడానికే తయారుచేసినది, గాయం చెయ్యడానికి వీలుగా మార్చినది, గాయం చేద్దామనే ఉద్దేశంతో దగ్గర పెట్టుకున్నది. కర్ర ఈ మూడింటిలోనూ పడదు. మేకు కొట్టిన మరుక్షణం రెండోదాంట్లో పడుతుంది. "వెలగని టార్చిలైటు రోజూ బ్యాగులో ఎందుకు మోస్తున్నావని అడిగితే ఏం చెప్తావో కూడా ఆలోచించుకో" అన్నారు. చేతికి అందింది వాడటం ఒకటి, కొట్టడానికని మోసుకు తిరగడం ఇంకొకటి.

ఆయన క్లాసులో అందరూ ఆవలిస్తారనుకున్నాను. కోర్సు మొత్తంలో నా నోట్‌బుక్ నిండింది ఆ రెండు గంటల్లోనే. మాలో ఒకమ్మాయి లండన్ నుంచి సెలవుకి వచ్చి ఉంది, ఇంకొకాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తూ వస్తూ ఉంటాడు. కాబట్టి ఒక్క దేశం లెక్క సరిపోలేదు. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఈ ఆత్మరక్షణ హక్కు గురించే. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉండేవి. మన ఒంటినే కాదు, పక్కవాడి ఒంటిని కాపాడటానికీ ఈ హక్కు ఉంటుంది. మీద పడినవాడు తాగి ఉన్నా, మతిస్థిమితం లేనివాడైనా, చిన్నపిల్లాడైనా హక్కు మాత్రం పోదు. అయితే రక్షణకి ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు అసలు లేదు. భయపడటానికి తగిన కారణం పుట్టినప్పుడు హక్కు మొదలవుతుంది, అంటే మొదటి దెబ్బ తినేదాకా ఆగక్కర్లేదు. ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది.

నాకు పనికొచ్చింది ఈ చివరి వాక్యం. టీచరూ ఆయనా కలిసి ఆడి చూపించారు. ఆవిడ తోసింది, ఆయన కింద పడ్డాడు. ఇక్కడ ఆపి, మమ్మల్ని అడిగారు, ఇప్పుడేం చెయ్యాలని. "ఇంకోటి తగిలించాలి, లేస్తే మళ్ళీ వస్తాడు" అన్నాం ముగ్గురం, నేనూ ఉన్నాను అందులో. ఆయన పడుకునే, చెయ్యెత్తి, "నేను లేస్తున్నానా? పాకుతూ పోతున్నానా? చూశారా?" అన్నారు. నిజంగానే పాకుతూ తలుపు వైపు పోతున్నారు. మేమెవరం చూడలేదు. ఆ రెండో దెబ్బ దగ్గరే రక్షించుకున్న మనిషి ముద్దాయి అవుతుందని చెప్పి, దుమ్ము దులుపుకుని లేచారు.

మరి ఆ క్షణంలో ఎవరు తూచి చూస్తారు? కోర్టులకీ ఇది తెలుసట. అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ హోమ్స్ 1921లోనే, ఎత్తిన కత్తి ముందు నిలబడినవాణ్ణి నింపాదిగా ఆలోచించమనలేమన్న అర్థం వచ్చేలా తీర్పు రాశాడు. బంగారు త్రాసుతో తూచరన్నమాట, కానీ త్రాసు అయితే ఉంటుంది. నేను లేచి, పారిపోవడానికి దారి ఉందా అని చూస్తారంటున్నారే, నేను పరిగెత్తలేను కదా అని అడిగాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, ప్రాణాంతకమైన బలం వాడే ముందు తప్పుకునే దారి ఉంటే తప్పుకోవాలన్న నియమం ఉంది, అయితే క్షేమంగా తప్పుకోగలిగితేనే. ఆ క్షేమం ఎవరి క్షేమం? "ఆ ప్రశ్న మీ కాలితో అడగాలి, నా కాలితో కాదు" అన్నారాయన. ఇరవై ఏళ్ళ కుర్రాడికి దారి అనిపించే మెట్లు నాకు దారి కాదు. ఆ మాట మనమే మొదటి వాంగ్మూలంలో చెప్పుకోవాలి, క్యాలిపర్ ఉందని, లేవడానికి ఎంత సేపు పడుతుందని. ఏడు సెకన్లు అని రాసుకున్నాను.

పెప్పర్ స్ప్రే సంగతి కూడా వచ్చింది. లండన్ అమ్మాయి బ్యాగులో ఒకటి ఉంది, ఇక్కడ కొనుక్కుందట, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుపోతానంది. బ్రిటన్‌లో అది 1968 నాటి తుపాకుల చట్టం కింద నిషిద్ధ ఆయుధం, దగ్గర ఉండటమే నేరం. ఆ పిల్ల మొహం చూడాలి. ఇంకో దేశానికి వెళ్ళే ముందు ఆ దేశంలో ఏమిటో కనుక్కోవాలి, విమానంలో ఎలాగూ ఒప్పుకోరు. తర్వాత నీళ్ళు నింపిన ప్రాక్టీసు డబ్బాలు ఇచ్చి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి కొట్టమన్నారు. కొట్టినవాళ్ళ మొహాలే తడిశాయి.

మిగతావాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి, నేనొక్కదాన్నే కాదు కదా. చక్రాల కుర్చీ అమ్మాయికి వెనక నుంచి హ్యాండిల్ పట్టుకుని ఎవరైనా తోసుకుపోవడమే పెద్ద భయం, మంచి ఉద్దేశంతో తోసేవాళ్ళతో సహా. ఒక చక్రాన్ని అరచేత్తో బిగబట్టి రెండోదాన్ని గట్టిగా తిప్పితే కుర్చీ గిర్రున తిరిగి పట్టుకున్నవాడి మణికట్టు మెలిపడుతుంది, పాదాల పలక వెళ్ళి వాడి చీలమండకి తగులుతుంది. వెనక్కి పడబోతే గడ్డం ఛాతీకి. చక్రాల కుర్చీ ఫెన్సింగ్ 1960లో రోమ్‌లో జరిగిన మొదటి పారాలింపిక్స్‌లోనే ఉంది గానీ, అక్కడ కుర్చీలు నేలకి బిగించేస్తారు. "మనకి రివర్సు. కుర్చీ కదిలినంతసేపే నువ్వు కదులుతావు, ముందు బ్రేకు తియ్యి" అని ఆ అమ్మాయికి టీచర్ చెప్పింది.

కళ్ళు కనపడని ఒకాయన ఉన్నాడు, ఏభై దాటాయి, అందరం అన్నా అనేవాళ్ళం. ఆయనకి పట్టు తోనే మొదలుపెట్టింది. చూపు లేనివాళ్ళ జూడో 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది, అందులో ఇద్దరూ ఒకరి బట్టలు ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. వెతుక్కునే పని ఉండదు. అన్న రెండో వారానికల్లా అసిస్టెంటు కుర్రాడి కాలర్ దొరికితే చాలు, వాడు ఎటు కదలబోతున్నాడో వాడికంటే ముందు చెప్పేసేవాడు. "చొక్కా చేతికొచ్చాక చీకటి ఇద్దరికీ ఒకటేనమ్మా" అన్నాడొకసారి నాతో, చెమట తుడుచుకుంటూ.

కర్రతో పోట్లాట ఎవరో కొత్తగా కనిపెట్టిందేమీ కాదని కూడా ఆవిడే చెప్పింది. 1890ల చివర్లో బార్టన్ రైట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు జపాన్ నుంచి తిరిగొచ్చి, అక్కడి మల్లవిద్య జుజుత్సుకి చేతికర్ర విద్య, బాక్సింగ్ కలిపి లండన్‌లో బార్టిట్సు అని నేర్పాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి అక్కడే ఎడిత్ గ్యారడ్ అని, అయిదడుగులైనా లేని ఆవిడ, ఓటు హక్కు కోసం పోరాడే ఆడవాళ్ళకి జుజుత్సు నేర్పింది. ఆ ఎత్తు విన్నాక మా బ్యాచ్‌లో అందరికంటే పొట్టిగా ఉండే అమ్మమ్మగారు ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడ్డారు.

ఇప్పుడు ఖర్చు వైపు.

మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం మీద రెండు పూర్తి క్లాసులు పోయాయి. బొటనవేలి వైపుకి తిప్పి లాగాలన్న సూత్రం పది నిమిషాల్లో వస్తుంది. మిగతా పద్ధతులు తొమ్మిదో పదో చూపించారు, నాకు ఇప్పుడు గుర్తున్నవి రెండు. భయంలో గుర్తుండేది ఒకటేనేమో. కాళ్ళతో తన్నే క్లాసులో పద్నాలుగు మందిలో నలుగురికి అసలు పనే లేకపోయింది, మాకు చేతిలో ప్యాడ్లు ఇచ్చి పట్టుకోమన్నారు. అదే పాత కుర్చీ మళ్ళీ, కాస్త మెత్తగా. ఈ సంగతి టీచర్‌కి మొహం మీదే చెప్పాను, ఒప్పుకుంది. అసిస్టెంటు మొదటిరోజు నన్ను లేపడానికని అడక్కుండా చంకలో చెయ్యి వేశాడు. వీడియో కూడా అడక్కుండా తీశాడు, తర్వాత అడిగితే తీసేశాడనుకోండి.

అసలు మార్కు పోయింది ఇంకో చోట. గోడ పక్క, బస్సులో, చీకట్లో, ఎదురయ్యేవాళ్ళంతా ఈ కోర్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళే. మనల్ని బాధపెట్టేది చాలాసార్లు తెలిసినవాళ్ళు. కర్ర దాచేసేవాళ్ళు, క్యాలిపర్ తొడగడానికి ఆలస్యం చేసేవాళ్ళు, మన ఏటీఎం కార్డు తమ జేబులో పెట్టుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర "ఆగు" అనడం 21 అడుగుల అవతల ఉన్నవాడితో అన్నట్టు కాదు. దీనికి చివరి వారం అరగంట ఇచ్చారు, అదీ మాటలతో సరిపెట్టారు.

తెలిసినవాళ్ళని ఎదిరించడం కూడా నేర్పవచ్చని రుజువు ఉంది. కెనడాలో మూడు యూనివర్సిటీల్లో మొదటి ఏడాది చదివే 893 మంది అమ్మాయిల మీద చేసిన పరిశీలన 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. సగం మందికి 12 గంటల కోర్సు, మిగతా సగానికి కరపత్రాలు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్ళు కరపత్రాల వైపు నూటికి 9.8 మంది, కోర్సు వైపు 5.2. ఆ కోర్సు బరువంతా పెట్టింది తెలిసిన మగవాళ్ళ మీదే: ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం, ఇది ప్రమాదమేనని తనకి తాను ఒప్పుకోవడం, ఆ తర్వాత నోటితోనో చేత్తోనో ఎదిరించడం. ఆ మధ్యది ఉంది చూశారూ, ఒప్పుకోవడం, దానికి మా కోర్సులో ఒక్క ఆదివారమైనా పెట్టాల్సింది. మణికట్టు నుంచి ఒకటి తీసి ఇస్తే సరిపోయేది.

ఎనిమిదో వారం పరీక్ష. ఒళ్ళంతా దూది కవచం, తలకి పెద్ద హెల్మెట్ పెట్టుకున్న మనిషి నిజంగా మీద పడతాడు, మనం నిజంగా ఎదిరించాలి. అమెరికాలో 1970ల్లో మొదలైన పద్ధతి ఇది, గుండె దడదడలాడుతున్నప్పుడు నేర్చుకున్నదే అలాంటప్పుడు గుర్తొస్తుందన్న నమ్మకంతో. నా వంతు వచ్చేసరికి నోరు ఎండిపోయింది. వాడు "ఏయ్ కుంటిదానా" అన్నాడు. నన్ను ఏ మాట కదిలిస్తుందో ముందే కాగితం మీద రాసి ఇమ్మన్నారు, నేనే రాసిచ్చిన మాట అది. అయినా కళ్ళు మసకలయ్యాయి. గోడ ఎక్కడుందో వెతికాను. వీపు ఆనింది. కర్ర లేచింది. "ఆగు" అన్నది నేనేనా అనిపించింది. వాడు కర్ర పట్టుకున్నాడు, లాగాడు, నా వేళ్ళు విప్పుకున్నాయి. వాడు తూలి వెనక్కి కూలబడ్డాడు. నాలుగు సెకన్లు, అయిదు. వాడు లేవలేదు, నేను చూస్తూనే ఉన్నాను, ఈసారి చూశాను. "నీలం చొక్కా అన్నా, ఫోన్ చెయ్యండి" అని అన్నని చూపించి అరిచాను. అన్న ఆ రోజు తెల్ల చొక్కా వేసుకున్నాడట. అయినా తనకి తెలీదు కదా, వెంటనే ఫోన్ తీశాడు.

చేరేవాళ్ళకి పనికొచ్చే సంగతులు రెండు. పొడుగు చేతుల బట్టలు వేసుకెళ్ళండి, మ్యాట్ మీద మోచేతులు గీసుకుంటాయి. కర్రవాళ్ళు కింద రబ్బరు బుష్ కొత్తది వేయించుకుని, ఇంకోటి బ్యాగులో పెట్టుకెళ్ళండి. నాది రెండో వారానికే అరిగి ఒక పక్క చిల్లు పడింది, ఆ రోజు జరిగిన ఒకే ఒక్క నిజమైన ప్రమాదం అదే, టాయిలెట్ గుమ్మంలో.